పలుకు పోయాకే మొలాసిస్: బేక్డ్ బీన్స్ ప్రాజెక్టు డైరీ

ఆరంభానికి ముందు

టమాటా సాస్‌తో డబ్బాల్లో వచ్చే బేక్డ్ బీన్స్‌ను ఏళ్ల తరబడి తిన్న తర్వాత, వాటిలో చాలామటుకు ఓవెన్ ముఖం చూడనివేనని ఈ మధ్యే తెలుసుకున్నాను. గింజలను కొద్దిగా ఉడికించి, సాస్‌తో కలిపి డబ్బాలో పోసి, మూత బిగించాక ఆ డబ్బాలనే ఆవిరితో వేడిచేస్తారు; అంటే అవి డబ్బాలో ఉడికినవే తప్ప ఓవెన్‌లో మగ్గినవి కావు. ఆ పేరుకు అసలైన హక్కు అమెరికా ఈశాన్య మూలన ఉన్న న్యూ ఇంగ్లాండ్ ప్రాంతపు పాత వంటది. అందులో టమాటా ఉండదు. చిన్న తెల్ల గింజలు, మొలాసిస్ అనే చెరకు మడ్డి, ఉప్పులో ఊరిన పంది కొవ్వు, ఆవపిండి, ఒక ఉల్లిపాయ, నీళ్లు, ఆపైన ఆరు నుంచి ఎనిమిది గంటల సన్నని వేడి ఉంటే చాలు.

ఆ వంటను ఇంట్లో సరిగా చేయడమే ఈ ప్రాజెక్టు. ‘సరిగా’ అన్న మాటకు ముందే ఒక కొలత పెట్టుకున్నాను. గింజ ఆకారం చెడకూడదు, కాని నాలుకతో అంగిలికి నొక్కితే వెన్నలా చిదికిపోవాలి. పులుసు ముదురు గోధుమరంగులో ఉండి, గరిటె వెనుక పూతలా నిలవాలి. తీపి తెలియాలి గాని, నోటికి మొదట తగిలేది తీపి కాకూడదు. ఒక్కో ప్రయత్నంలో ఒక్క అంశాన్నే మార్చాలని కూడా నిర్ణయించుకున్నాను. ఆ నియమాన్ని మూడో వారంలో నేనే తప్పాను.

బుధవారం: సరుకులు

ఈ వంటకు వాడేవి నేవీ బీన్స్. బఠాణీ గింజ కంటే కొంచెం పెద్దగా, కోలగా, పాలిపోయిన తెలుపులో ఉంటాయి. 19వ శతాబ్దంలో అమెరికా నౌకాదళపు భోజనంలో ఇవి స్థిరపడిపోవడం వల్ల ఆ పేరు వచ్చింది. కిడ్నీ బీన్స్, పింటో బీన్స్, ఇవీ వృక్షశాస్త్రం లెక్కలో ఒకే జాతి, ఫేసియోలస్ వల్గారిస్. అమెరికా ఖండాల్లో పుట్టిన పంట అది. బోస్టన్ నగరానికి ‘బీన్‌టౌన్’ అన్న ముద్దుపేరు ఈ వంట వల్లే వచ్చింది, మసాచుసెట్స్ రాష్ట్రం 1993లో నేవీ బీన్‌ను తన అధికారిక గింజగా కూడా ప్రకటించుకుంది. ఉత్తరాన ఉన్న మెయిన్ రాష్ట్రంవారు మాత్రం కంటిపాప వంటి పసుపు మచ్చ ఉన్న ‘యెల్లో ఐ’ గింజలనే ఇష్టపడతారు. నేను మొదట బోస్టన్ పద్ధతికే కట్టుబడతాను.

గింజలు కొనేటప్పుడు చూడవలసినది వాటి వయసు. వేడిగా, చెమ్మగా ఉన్న చోట ఎక్కువకాలం నిలవున్న గింజలు ఎంత నానినా, ఎంత ఉడికినా మెత్తబడని స్థితికి చేరుకుంటాయి, అక్కడి నుంచి వాటిని వెనక్కి తేవడం కష్టం. పొట్లం మీద తేదీ చూసి, ముడతలు పడనివి, విరిగిన ముక్కలు తక్కువగా ఉన్నవి తెచ్చాను. 450 గ్రాములు పళ్లెంలో పరిచి ఏరితే రెండు మట్టిబెడ్డలు, ఒక రాయి దొరికాయి. ఈ పనిని బద్ధకించి వదిలేస్తే ఆ రాయి ఎవరి పంటి కింద పడుతుందో చెప్పలేం.

మొలాసిస్ అంటే చెరకు రసాన్ని కాచి పంచదార తీయగా మిగిలే మడ్డి. మొదటి కాపులో మిగిలేది లేత రంగులో తియ్యగా, రెండో కాపుది ముదురుగా, మూడో కాపుది బాగా నల్లగా, చేదుగా ఉంటాయి. బ్లాక్‌స్ట్రాప్ అనే ఆ మూడో రకాన్ని ఒక చెంచా నాకి చూసి పక్కన పెట్టేశాను. ఎనిమిది గంటలు ఇగిరాక ఆ చేదు ఇంకెంత పెరుగుతుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కరలేదు. నేను ఎంచుకున్నది గంధకం కలపని రెండో రకం. ఈ మడ్డి న్యూ ఇంగ్లాండ్‌కు కరీబియన్ దీవుల చెరకు తోటల నుంచి, అక్కడ బానిసలుగా బతికిన ఆఫ్రికన్ల చాకిరీ నుంచి ఓడల మీద వచ్చేది. అందులో చాలా భాగం రమ్ము బట్టీలకు పోయేది. ఆ వ్యాపారం ఎంత పెద్దదంటే, పరాయి దేశాల దీవుల నుంచి వచ్చే మొలాసిస్ మీద పన్ను వేయడానికి బ్రిటిష్ పార్లమెంటు 1733లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేసింది. పంచదార కంటే చౌక కావడం వల్లనే ఈ మడ్డి సామాన్యుల బీన్స్ జాడీలోకి దిగింది.

మాంసం విషయంలో ఒక జాగ్రత్త: ఇక్కడ కావలసింది సాల్ట్ పోర్క్, అంటే పొట్ట భాగపు కొవ్వును ఉప్పులో ఊరబెట్టినది. బేకన్‌కు పొగ పట్టించి ఉంటారు కనుక, దాన్ని వేస్తే జాడీ అంతా ఆ పొగ వాసనే మిగులుతుంది. తోలుతో ఉన్న 170 గ్రాముల ముక్క తెచ్చాను.

మొదటి శనివారం: ఎనిమిది గంటల తర్వాత కూడా పలుకే

శనివారాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఆ ప్రాంతంలో స్థిరపడిన ప్యూరిటన్ క్రైస్తవులకు విశ్రాంతి దినం శనివారం సూర్యాస్తమయంతోనే మొదలయ్యేది, ఆ వేళ నుంచి వంటపని నిషిద్ధం. పగలే జాడీని వేడిలో పెట్టేస్తే రాత్రి భోజనానికి వేడివేడిగా, ఆరని పొయ్యిలోనే ఉంచేస్తే మర్నాటి ఉదయానికి గోరువెచ్చగా అదే కూర అందేది. ఆచారం సడలిపోయిన తర్వాత కూడా శనివారం రాత్రి బీన్స్ తినే అలవాటు ఆ ఇళ్లలో తరాలపాటు నిలిచిపోయింది.

శుక్రవారం రాత్రి నానబోసిన 450 గ్రాముల గింజలు తెల్లవారేసరికి 980 గ్రాములు తూగాయి. నీళ్లు వంపేసి, గింజలను వెడల్పాటి ఇనుప పాత్రలోకి తీసుకుని, మొలాసిస్ 80 మిల్లీలీటర్లు, ఆవపిండి చెంచాన్నర, మిరియాల పొడి, ఒలిచిన పెద్ద ఉల్లిపాయ ఒకటి, పంది కొవ్వు, మరిగే నీళ్లు పోసి, ఓవెన్ మీటను 120 డిగ్రీల దగ్గర పెట్టి, ఉదయం పది గంటలకు మూతపెట్టాను. అన్నీ ఒకేసారి వేసి మరిచిపోవడమే ఈ వంటలోని సౌఖ్యమని నమ్మాను.

సాయంత్రం ఆరు గంటలకు మూత తీస్తే వాసన అద్భుతంగా ఉంది, రంగు కూడా వచ్చింది. గింజ నోట్లో వేసుకుంటే మాత్రం పంటికి తగిలింది. పై పొట్టు తోలులా సాగింది, లోపల నడుమ సున్నపు పొడిలాంటి పలుకు అలాగే ఉంది. మరో రెండు గంటలు ఉంచినా తేడా రాలేదు. పారబోశాను.

పారబోయడానికి రుచి ఒక్కటే కారణం కాదు. ఈ జాతి పచ్చి గింజల్లో ఫైటోహీమాగ్లుటినిన్ అనే లెక్టిన్, అంటే ఒక రకం మాంసకృత్తు, ఉంటుంది. ఎర్ర కిడ్నీ బీన్స్‌లో ఎక్కువ, తెల్లవాటిలో తక్కువ. సరిగా ఉడకని గింజలు తింటే కొద్ది గంటల్లోనే తీవ్రమైన వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. అది నశించాలంటే గింజలు బుడగలెగిరేలా కనీసం 10 నిమిషాలు మరగాలి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అయితే 30 నిమిషాలు మరిగించమంటుంది. సన్నని వేడితో నిదానంగా కాగే పాత్రలో అలాంటి మరుగు వచ్చిందని నేను చెప్పలేను. కనుక ఇకమీదట పొయ్యి మీద మరగని గింజ ఓవెన్‌లోకి వెళ్లదు. ఇది రుచికి సంబంధించిన నియమం కాదు, చర్చకు తావులేదు.

మంగళవారం: నాలుగు గిన్నెల పరీక్ష

గింజలు ముసలివా, ఓవెన్ చల్లనిదా, లేక నేను కలిపినదేదో అడ్డుపడిందా అన్నది తేల్చడానికి, అదే పొట్లంలోని గింజలను నానబెట్టి నాలుగు గిన్నెల్లో సమానంగా పంచాను. మొదటి గిన్నెలో ఉత్త నీళ్లు. రెండోదానిలో అర చెంచా ఉప్పు. మూడోదానిలో చిటికెడు వంటసోడా. నాలుగోదానిలో రెండు పెద్ద చెంచాల మొలాసిస్. నాలుగింటినీ 10 నిమిషాలు బాగా మరిగించి, సెగ తగ్గించి, ఐదేసి నిమిషాలకు ఒక గింజ తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి చూశాను.

సోడా గిన్నె 25 నిమిషాలకే లొంగిపోయింది. పొట్టు విడిపోయి నీటి మీద తేలింది, నీళ్లు పసుపు రంగుకు తిరిగాయి, నోట్లో సబ్బు చాయ తగిలింది. ఉత్త నీళ్ల గిన్నె 50 నిమిషాలకు మెత్తబడింది. ఉప్పు గిన్నెకూ దాదాపు అంతే సమయం పట్టింది, పైగా దాని పొట్టు మొదటిదానికంటే సుతారంగా ఉంది. ఉప్పు వేస్తే గింజ ఉడకదన్న మాటను అప్పటిదాకా నమ్మినందుకు కొంచెం సిగ్గుపడ్డాను. మొలాసిస్ గిన్నె రెండు గంటల తర్వాత కూడా పలుకుగానే మిగిలింది.

గింజలోని కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచేది పెక్టిన్. వేడినీటిలో ఆ పెక్టిన్ కరిగితేనే గింజ మెత్తబడుతుంది. కాల్షియం దాన్ని గట్టిగా కుట్టేస్తుంది, ఆమ్లం దాన్ని కరగనివ్వదు; సోడా వంటి క్షారం ఆ కుట్లను విప్పేస్తుంది, ఉప్పులోని సోడియం పొట్టులో ఉన్న కాల్షియం స్థానంలో చేరి పొట్టును సడలిస్తుంది. మొలాసిస్‌లో ఆమ్లమూ ఉంది, కాల్షియమూ ఉంది, దండిగా చక్కెరా ఉంది. పచ్చి గింజను అందులో వేయడమంటే తలుపుకు లోపలి నుంచి గడియ పెట్టి బయట నిలబడి పిలవడమే.

అయితే అదే గుణం రెండోవైపు నుంచి చూస్తే ఈ వంటకు ప్రాణం. పూర్తిగా మెత్తబడిన గింజను ఉత్త నీళ్లలో ఇంకో ఎనిమిది గంటలు మగ్గిస్తే జావ అయిపోతుంది. మొలాసిస్‌లో మగ్గిస్తే, ఉన్న మెత్తదనం దగ్గరే ఆగిపోయి, ఆకారం చెడకుండా నిలుస్తుంది. కనుక మొలాసిస్ ఎంత వేయాలన్న దానికంటే, ఎప్పుడు వేయాలన్నదే అసలు ప్రశ్న. చెడిపోయిన మొదటి జాడీ కంటే ఈ మంగళవారం రెండు గంటలే నాకు ఎక్కువ నేర్పాయి.

రెండో శనివారం: మాడిన పై వరుస

ఈసారి గింజలను విడిగా ఉడికించాను. ఎప్పుడు దించాలన్నదానికి న్యూ ఇంగ్లాండ్ వంటవాళ్లు పాటించే పాత పరీక్ష ఒకటి ఉంది: చెంచాతో నాలుగైదు గింజలు పైకి తీసి వాటి మీద ఊదాలి. 30 నిమిషాలప్పుడు ఊదితే ఏమీ కాలేదు. 45 నిమిషాలప్పుడు ఊదగానే పొట్టు సన్నగా చిట్లి, పల్చని కాగితపు అంచులా పైకి చుట్టుకుంది. అంత చిన్న గింజ మీద ఆ పొర విచ్చుకోవడం చూడటానికి భలే ముచ్చటగా ఉంటుంది, ఇంట్లో ఉన్న వాళ్లందరినీ పిలిచి మరో మూడుసార్లు ఊది చూపించాను. వేళ్లతో నొక్కితే పలుకు లేదు.

ఆ తర్వాత మిగతావన్నీ కలిపి, అదే ఇనుప పాత్రలో, ఈసారి మీటను 135 దగ్గర పెట్టి ఓవెన్‌లోకి పంపి, వేరే పనిలో పడిపోయాను. ఐదో గంటలో మాడు వాసన వచ్చింది. నీళ్లన్నీ ఇగిరిపోయి, పై వరుస గింజలు ఎండి నల్లబడ్డాయి, అడుగు అంటుకుంది. నడుమ ఉన్న రెండు గరిటెలు మాత్రం నేను కోరుకున్నదానికి చాలా దగ్గరగా ఉన్నాయి, వాటినే తిన్నాను.

ఆదివారం: ఓవెన్ చెప్పిన అబద్ధం

ఖాళీ ఓవెన్‌లో విడి థర్మామీటరు వేలాడదీసి గంటసేపు కనిపెట్టి చూశాను. మీట 135 అంటుంటే లోపలి వేడి 150కీ 165కీ మధ్య ఊగుతోంది. మీటను 110 దగ్గరకు తగ్గిస్తే గాని 135 రాలేదు.

మూడో శనివారం: జాడీ

పాత్ర కూడా మార్చాను. వేడి, పాత్ర రెండూ ఒకేసారి మార్చడం నియమానికి విరుద్ధమని తెలుసు, అయినా ఇంకో 450 గ్రాముల గింజలను నియమానికి బలిచ్చే ఓపిక లేకపోయింది. సంప్రదాయంగా వాడే బీన్ పాట్ అంటే లోపలా బయటా మెరుగు పూసిన మట్టి జాడీ: పొట్ట గుండ్రంగా, మూతి ఇరుకుగా, పైన చిన్న మూతతో ఉంటుంది. మూతి ఇరుకు కావడం వల్ల నీరు ఇగిరే పైభాగం తక్కువ, మట్టి మందం వల్ల వేడి నిదానంగా ఎక్కి నిదానంగా దిగుతుంది. నా వెడల్పాటి ఇనుప పాత్రకు ఈ రెండు గుణాలూ లేవు. జాడీకి హఠాత్తు వేడి పనికిరాదు కనుక, ముందు వేడినీళ్లతో కడిగి, చల్లని ఓవెన్‌లోనే పెట్టి ఆ తర్వాత మంట వెలిగించాను.

ఉదయం 8:00. చిటికెడు ఉప్పు వేసిన నీళ్లలో రాత్రంతా నానిన గింజలను కడిగి, కొత్త నీళ్లలో ఉడకపెట్టాను. 10 నిమిషాలు గట్టి మరుగు, తర్వాత సన్నసెగ. పైకి వచ్చిన నురుగును తీసేశాను.

8:50. ఊదే పరీక్ష నెగ్గింది. గింజలను వడకట్టి, ఉడికిన నీళ్లను పారబోయకుండా పక్కన ఉంచాను. గింజ వదిలిన పిండి అందులోనే ఉంది, పులుసు చిక్కబడటానికి అదే ఆధారం. నానిన నీళ్లు మాత్రం పారబోసేవే, కడుపు ఉబ్బరానికి కారణమైన రాఫినోజ్, స్టాకియోజ్ చక్కెరలు కొంతైనా వాటితో పోతాయి.

9:00. పంది కొవ్వును ఐదు నిమిషాలు మరిగే నీళ్లలో ముంచి తీసి ఎక్కువ ఉప్పును వదిలించి, తోలు మీద కత్తితో గళ్లు గళ్లుగా గాట్లు పెట్టాను. అందులో సగం ముక్క జాడీ అడుగున, దాని మీద ఉల్లిపాయ, పైన గింజలు. మొలాసిస్ సీసా చల్లగా ఉండటంతో ధార కదలనే లేదు. సీసాను వేడినీళ్లలో కాసేపు నిలబెడితే తేనెలా జారింది. ఇదే మడ్డి 1919 జనవరి 15న బోస్టన్ నార్త్ ఎండ్‌లో ఒక పెద్ద నిలవ ట్యాంకు పగిలి వీధుల మీదికి కెరటంలా వచ్చి 21 మందిని పొట్టన పెట్టుకుందంటే, సీసా మూతి దగ్గర దాని బద్ధకం చూస్తున్నవారికి నమ్మశక్యం కాదు. మొలాసిస్, ఆవపిండి, మిరియాల పొడిని ఉడికిన నీళ్లలో కలిపి, గింజలు సరిగ్గా మునిగేదాకా పోశాను. సుమారు 700 మిల్లీలీటర్లు పట్టింది. మిగిలిన కొవ్వు ముక్కను తోలు పైకి ఉండేలా నడుమ దించాను.

9:15. ఓవెన్‌లోకి. థర్మామీటరు 135 చూపేలా సరిచేశాను.

11:15. ఇంకా లేత టీ రంగే. అంచుల్లో అప్పుడొకటి అప్పుడొకటిగా బుడగ లేస్తోంది, అంతకుమించి కదలిక అవసరం లేదు.

1:15. నీటిమట్టం గింజల కంటే ఒక వేలు కిందికి దిగింది. మరిగే నీళ్లు అర కప్పు పోశాను. చన్నీళ్లు పోస్తే జాడీకి ప్రమాదం.

3:15. రంగు మారింది. చక్కెరలూ గింజలోని మాంసకృత్తులూ గంటల తరబడి సన్నవేడిలో కలిసి పనిచేస్తే వచ్చే గోధుమరంగు ఇది. మొలాసిస్ రంగు ఒక్కటే అయితే పొద్దుటే ఇలా ఉండాలి. ఉప్పు చూసి ముప్పావు చెంచా కలిపాను. కలపడమంటే గరిటె తిప్పడం కాదు, జాడీని రెండు చేతులతో పట్టి మెల్లగా కుదపడమే.

4:15. మూత తీసేశాను. చివరి గంటలో పైభాగం ఆరి, కొవ్వు తోలు కరకరలాడేలా ఎర్రబడాలి.

5:15. బయటికి తీశాను. ఉల్లిపాయ ఆనవాలు లేకుండా కరిగిపోయింది. పైన గింజలు నిగనిగలాడే పూతతో ఉన్నాయి, కింద పులుసు గరిటెకు పట్టుకుంది. ఒక గింజను నాలుక మీద పెట్టి నొక్కితే చిదికింది, అంతవరకూ చెక్కుచెదరలేదు. తీపి చివరన వచ్చింది, దానికంటే ముందు ఆవపిండి ఘాటు, ఉప్పు తెలిశాయి. తోడుగా పెట్టుకున్నది ఆ ప్రాంతపు బ్రౌన్ బ్రెడ్. రై అనే ధాన్యపు పిండి, మొక్కజొన్న పిండి, గోధుమ పిండి, మొలాసిస్ కలిపి డబ్బాలో పోసి ఆవిరి మీద ఉడికించేది. మొదటిసారి చేసినది కనుక నడుమ కొంచెం పచ్చిగా ఉంది, దాని డైరీ వేరే రాయాలి.

నాలుగో శనివారం: కొవ్వు లేకుండా

మాంసం తినని వారి కోసం పంది కొవ్వుకు బదులు 50 గ్రాముల వెన్న వేసి అంతా అదే పద్ధతిలో చేశాను. గింజ బాగానే వచ్చింది, పులుసు మాత్రం తీపి వైపు మొగ్గింది, నోట్లో పలచగా అనిపించింది. పంది తోలు నుంచి దిగే జిగురు లేకపోవడమే దానికి కారణమని నా అనుమానం. ఉప్పు పావు చెంచా పెంచి, మొలాసిస్‌ను 60 మిల్లీలీటర్లకు తగ్గించి, ఉడికిన గింజల్లో ఒక గుప్పెడు మెదిపి కలిపితే తూకం కుదిరింది.

నిలవ గురించి

మూడో వారపు జాడీలో మొత్తం 1.6 కిలోల దాకా వచ్చింది, ఆరుగురికి సరిపోను. మిగిలినదాన్ని ఆ రాత్రే చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే, మర్నాటికి పులుసు గడ్డకట్టినట్టు బిగిసింది. రెండు చెంచాల మరిగే నీళ్లతో సర్దుకుంది, రుచి మొదటి రాత్రి కంటే లోతుగా ఉంది. ఒక డబ్బాను డీప్ ఫ్రీజర్‌లో దాచి పది రోజుల తర్వాత తీశాను. గింజలు విడివిడిగానే ఉన్నాయి గాని పులుసు కొంచెం నీరొదిలింది. మూత లేకుండా పది నిమిషాలు సన్నసెగ మీద ఉంచితే మళ్లీ చిక్కబడింది.